ఒడంబడికలును ఋతువులును

సికింద్రాబాదు ఒక సంధిపత్రము వలన పుట్టిన పట్టణము. 1798వ సంవత్సరమున నిజాము ఆలీఖానునకును ఈస్టిండియా కంపెనీకిని జరిగిన ఒడంబడిక ననుసరించి కంపెనీ సైన్యము హైదరాబాదు రాజ్యమున స్థిరముగా నిలుచుటకు ఏర్పాటు జరిగెను. హుస్సేనుసాగరమునకు ఉత్తరమున ఆ సైన్యము విడిసిన దండే క్రమముగా పట్టణమై, 1806లో సికందరుజా పేరు దాల్చెను. ఆ దండు వ్యయ మెవరు భరింపవలెనను ప్రశ్న 1800 అక్టోబరులో మరియొక సంధికి దారితీసినది. మైసూరు యుద్ధముల ఫలితముగా తన పాలు వచ్చిన బళ్ళారి, అనంతపురము, కడప ప్రాంతములను, నేటి కర్నూలు జిల్లాలోని పలు భాగములను నిజాము ఆ వ్యయమునకు బదులుగా కంపెనీ వశము చేసెను. వానినే పూర్వులు దత్తమండలములనిరి. 1928 నుండి మనము రాయలసీమ యనుచున్నాము.

ఆ పత్రముపై ముద్రలు వేసినవారు ఇరుపక్షముల ప్రభువులు. దాని ఫలము ననుభవించినవారు లక్షలకొలది రైతులు. వారి నెవ్వరును సంప్రదింపలేదు. తమ పొలములు చేతులు మారిన సంగతి, శిస్తు వసూలునకు క్రొత్త అధికారి వచ్చినపుడే వారిలో పెక్కుమందికి తెలిసియుండును.

ఒడంబడిక యెంత గొప్పదైనను రెండు ప్రశ్నలు దానిని వెన్నాడుచునే యుండును. వ్యయ మెవరిది? సభలో లేనివారి మాట చెప్పువా రెవరు? మారుచున్న శీతోష్ణస్థితిని గూర్చి ప్రపంచరాజ్యములు ముప్పదియేండ్లకు పైగా జరుపుచున్న సంప్రతింపులు ఈ రెండు ప్రశ్నలయొద్దనే చిక్కుపడియున్నవి. అది శాస్త్రజ్ఞుల వాదమనియు, దూరదేశములలో సమావేశమగు రాయబారుల పనియనియు మన గృహములలో పలువురు తలంచుచున్నారు. అది మన పొలముల సంగతి, మన గనుల సంగతి, మన బిడ్డల సంగతి యని చూపుటయే మా యుద్దేశము.

ముందుగా విషయస్వరూపము తెలియవలెను. బొగ్గు, కిరసనాయిలు, పెట్రోలు మొదలగునవి మండినపుడు బొగ్గుపులుసు వాయువు పుట్టును. అది గాలిలో చేరి, భూమినుండి వెలికి పోవలసిన వేడిమిని కొంత పట్టి యుంచును. ఈ వాయువు పెరిగినచో భూమి యెంత వేడెక్కునో స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడు ఆర్హీనియసు 1896లోనే లెక్కకట్టెను. యంత్రపరిశ్రమలకు పూర్వము గాలిలో పదిలక్షల పాళ్లకు 280 పాళ్లుండిన యీ వాయువు నేడు 420 పాళ్లు దాటినది. 2024వ సంవత్సరమున భూమి సగటు ఉష్ణోగ్రత, యంత్రయుగమునకు పూర్వమున్న దానికంటె ఒకటిన్నర డిగ్రీ మించెనని ప్రపంచ వాతావరణ సంస్థ ప్రకటించినది. వేడెక్కిన గాలి హెచ్చు తేమను మోయును. కాబట్టి వాన కురిసినపుడు కుండపోతగా కురియును. కురియనపుడు నేల త్వరగా ఎండిపోవును. 2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు తెలంగాణములోను ఆంధ్రప్రదేశములోను కలిపి రెండువేల మందికి పైగా మరణించిరి. వారిలో ఎండలో పనిచేయక పూటగడువని కూలివారును వృద్ధులును అధికము.

ఋతువులకు ఎల్లలు లేవనుట మనకు క్రొత్త పాఠము గాదు. 1876 మొదలు 1878 వరకు దత్తమండలములను పాడుచేసిన మహాక్షామము మన పెద్దల నోట నిలిచిన కథయే. వేలకొలది మైళ్ల దూరమున పసిఫిక్ మహాసముద్రజలములు అసాధారణముగా వేడెక్కుటకును, నాడు మన దేశమున వానలు తప్పుటకును సంబంధము కలదని తరువాతి శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఎక్కడి సముద్రము, ఎక్కడి బళ్ళారి! నాటి వేడిమి ప్రకృతిసిద్ధము. నేటి వేడిమికి మనుష్యుల చేష్టయు తోడైనది. కావుననే దానికి బాధ్యులెవరను ప్రశ్న పుట్టినది.

ఒక్క ప్రభుత్వము చేతిలోని పని యెట్లు సాగునో మన జంటనగరముల చరిత్రయే చెప్పుచున్నది. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి హైదరాబాదును ముంచెను. సుమారు పదునైదువేల మంది మరణించిరని యంచనా. పిమ్మట నిజాము ప్రభుత్వము మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారిని రప్పించి, వరదలనుండి నగరమును కాపాడు ఉపాయము చెప్పుమని కోరెను. వారి యాలోచన ననుసరించి మూసీపై ఉస్మానుసాగరము 1920లోను, ఈసీపై హిమాయతుసాగరము 1927లోను పూర్తియయ్యెను. కీడు జరిగిన యిరువదియేండ్లలోపల దానికి ప్రతిక్రియయు జరిగెను. నది యొక్క రాజ్యములోనిది, నగరము ఆ రాజ్యమునకే రాజధాని, బొక్కసము ఒక్కటే. వ్యయ మెవరిదను తగవు లేదు.

ఏటికి రెండుదరుల రెండు ప్రభుత్వములున్నచో కథ మారును. తుంగభద్రకు అడ్డుకట్ట కట్టి దత్తమండలముల దప్పి తీర్చవలెనను ఆలోచన 1860 ప్రాంతమున సర్ ఆర్థరు కాటను దొరది. నది యెడమగట్టు నిజామునది, కుడిగట్టు మద్రాసు ప్రభుత్వముది. నీటిలో ఎవరిపాలు ఎంత, మునుగు భూములకు పరిహార మెంత యను చర్చలు ఏండ్లతరబడి సాగెను. నడుమ మహాక్షామమును వచ్చిపోయెను. తుదకు 1944 జూనులో హైదరాబాదునకును మద్రాసునకును ఒడంబడిక కుదిరి, చెరి 65 శతకోటి ఘనపుటడుగుల నీరు వాడుకొనుటకు అంగీకరించిరి. 1945 ఫిబ్రవరిలో ఇరుగట్టుల శంకుస్థాపనలు జరిగెను; 1953లో కాలువలకు నీరు వదలిరి. ఆలోచనకును నీటికిని నడుమ తొంబదియేండ్లకు పైగా గడచెను. రెండు ప్రభుత్వముల నడుమనే యింత యాలస్యమైనచో, 198 పక్షములు కూర్చుండు సభ మాట చెప్పవలెనా?

ఆ సభ చరిత్ర 1992తో ఆరంభమగును. ఆ సంవత్సరము జూనులో బ్రెజిలు దేశమందలి రియో నగరమున జరిగిన మహాసభలో శీతోష్ణస్థితిని గూర్చిన ఒడంబడికపై దేశములు సంతకములు చేయ మొదలిడెను. అందు రెండు ధర్మములు వ్రాయబడినవి. భూమిని కాపాడుట అందరి బాధ్యత. కాని యా బాధ్యత అందరిది సమానము కాదు. ముందుగా ధనవంతమైన దేశములు ముందుగా నడువవలెను. ఈ మాట న్యాయమైనదే. చిక్కెక్కడ వచ్చినదనగా, 1995లో బెర్లినులో మొదటి సమావేశము జరిగినపుడు, నిర్ణయములు ఎన్ని మతములచే జరుగవలెనను నియమముపై సమ్మతి కుదరలేదు. నేటికిని కుదరలేదు. కాబట్టి ప్రతి ముఖ్యనిర్ణయమునకును ఏకాభిప్రాయము కావలెను. పల్లెలో చెరువు పంచాయతి జరుగునపుడు ఒక్క రైతు తల అడ్డముగా త్రిప్పినంతనే తూము తెరువరాదన్నచో, ఆ చెరువు క్రింద పంట పండునా?

మన చెరువులకు నీరటికాడు కలడు. వంతు ప్రకారము నీరు వదలును. తూముకడ నున్న మోతుబరి అధికముగా త్రిప్పుకొనినచో ఊరి పెద్దలకు చెప్పును. ఆయకట్టు చివర నున్న బీదవానికి ఆధార మతడే. ప్రపంచమను చెరువునకు నీరటికాడు లేడు. “ఉమ్మడిగొర్రె పుచ్చి చచ్చిన” దను మన సామెత ఈ విషయమున అక్షరాల నిజమగుచున్నది.

1997లో జపానునందలి క్యోటో నగరమున జరిగిన ఒప్పందము ధనికదేశములకు లెక్కలు విధించెను. 1990లో వదలిన వాయువుకంటె 2008–2012 సంవత్సరములలో మొత్తముమీద నూటికి ఐదుపాళ్లు తగ్గింపవలెనని నిర్ణయము. అప్పటికి వాయువును అందరికంటె అధికముగా వదలుచుండినది అమెరికా. బీదదేశములకు కట్టుబాటు లేని ఒప్పందమును ఒప్పుకొనరాదని ఆ దేశపు సెనేటు క్యోటో సభకు ముందే 95 మతములతో, ఒక్క వ్యతిరేక మతమైన లేక, తీర్మానించెను. 2001లో ఆ ప్రభుత్వము క్యోటోను త్రోసిపుచ్చెను. 2011లో కెనడా వైదొలగెను. వారి నాపగల న్యాయస్థాన మేదియు లేదు.

2009లో కోపెన్‌హేగన్ సభకు ప్రపంచ మంతయు నాశతో ఎదురుచూచినది. మన పక్షమున మాటాడిన మంత్రి జైరాము రమేశుగారు అప్పుడు ఆంధ్రప్రదేశమునుండి రాజ్యసభకు ఎన్నికైన సభ్యులు. చివరి దినమున అమెరికా, చైనా, ఇండియా, బ్రెజిలు, దక్షిణాఫ్రికా నాయకులు ఒక గదిలో కూర్చుండి ఒక పత్రము సిద్ధపరచిరి. మహాసభలోనికి అది వచ్చినపుడు, తమ్ము పిలువక వ్రాసిన పత్రమును తామేల ఒప్పుకొనవలెనని పలు చిన్నదేశము లెదురుతిరిగెను. సముద్రమట్టము పెరిగినచో మునిగిపోవు టువాలు ద్వీపము వానిలో నొకటి. పత్రము ఆమోదింపబడలేదు, సభ దానిని “గమనించినది” అని మాత్రము వ్రాసికొనిరి. గదిలో నుండుట యొక దేశమునకు గౌరవము కావచ్చును. గది బయట నిలువబడిన టువాలువానికి, 1800లో మన దత్తమండలముల రైతునకును భేద మెంత?

2015 డిసెంబరులో పారిస్ ఒప్పందము ఈ చిక్కును వేరొక త్రోవను దాటజూచినది. లెక్క పైనుండి విధించుట మాని, ఏ దేశము చేయగలిగినది ఆ దేశమే వ్రాసి యిచ్చునట్లు ఏర్పరచిరి. ఐదేండ్ల కొకమారు దానిని హెచ్చింపవలెను. అందువలన ఇంచుమించు అన్ని దేశములును చేరెను. కాని వ్రాసియిచ్చినది చేయకున్నచో శిక్ష లేదు. అమెరికాయే ఒకమారు వైదొలగి, మరల చేరి, 2025 జనవరిలో రెండవమారు వైదొలగుచున్నట్లు ప్రకటించెను. అందరిని పిలిచిన విందు సాగినది గాని, వంట సామగ్రి ఎవరు తేవలెనో తేలలేదు.

ధనము మాటయు నట్లే యున్నది. బీదదేశములకు 2020 నాటికి ఏటేట పదివేల కోట్ల డాలర్లు సమకూర్తుమని ధనికదేశములు 2009లో మాట యిచ్చెను. ఆ మొత్తము వారి స్వంత లెక్కల ప్రకారమే 2022లో గాని పూర్తికాలేదు. అందులోను పెద్దభాగము అప్పు. 2024లో బాకు నగరమున, 2035 నాటికి ఏటేట ముప్పదివేల కోట్ల డాలర్లు సమకూర్చుట కొప్పుకొనిరి. బీదదేశములు కోరినది లక్షా ముప్పదివేల కోట్లు. అధ్యక్షుడు సుత్తి కొట్టి నిర్ణయము జరిగిపోయినదని ప్రకటించిన పిమ్మట మన దేశపు ప్రతినిధి లేచి, తమకు మాటాడ నవకాశమీయకయే ముగించితిరని ఆక్షేపించినది. వరదకు ఇల్లుపోయినవానికి వడ్డీకి అప్పిచ్చి, దానిని దానమని చెప్పుకొనుట యే ధర్మశాస్త్రము?

ఇట్టి తర్క మొకటి మన గడపయందే జరిగినది. రియోలో శీతోష్ణస్థితి ఒడంబడికతోపాటు పుట్టిన తోబుట్టువు జీవవైవిధ్యపు టొడంబడిక; అడవులను, జంతువులను, విత్తనములను కాపాడుట దాని యుద్దేశము. దాని పదునొకండవ మహాసభ 2012 అక్టోబరు 8 మొదలు 19 వరకు, సికింద్రాబాదునకు పడమట మాదాపురములో జరిగినది. శ్రీమతి జయంతీ నటరాజనుగారు అధ్యక్షత వహించిరి. సూర్యకాంతి నడ్డుకొనుట మొదలగు కృత్రిమోపాయములతో భూమిని చల్లార్చు ప్రయత్నముల యెడ జాగరూకత వహింపవలెనని ఆ సభ చెప్పినది. ప్రధానమంత్రి మన్మోహనుసింగుగారు ఐదుకోట్ల డాలర్లను ఆ కార్యమున కర్పించుచున్నట్లు ప్రకటించిరి. కాని సభలో కడపటివరకు తెగని విషయము మరల ధనమే. తుదకు బీదదేశములకు వచ్చు సహాయమును, 2006–2010 సంవత్సరముల సగటునకు 2015 నాటికి రెండింత లొనర్పవలెనని తీర్మానించిరి. అంతకు రెండేండ్లముందు జపానులో ఆ ఒడంబడికవారు 2020 నాటికి సాధింపవలసిన లక్ష్యములను ఇరువదిని వ్రాసికొనియుండిరి. 2020లో లెక్కచూడగా వానిలో ఒక్కటియు ప్రపంచముమీద పూర్తిగా నెరవేరలేదు.

ఇంతవరకు చెప్పినదానిని బట్టి రాజ్యములు కూడి మేలుచేయుట అసాధ్యమని యెవరైన ననుకొనవచ్చును. అది సత్యము కాదు. ఆకాశమున సూర్యుని తీక్ష్ణకిరణముల నడ్డుకొను ఓజోను పొరను కొన్ని రసాయనములు తినివేయుచున్నవని తెలిసి, 1987లో మాంట్రియలులో దేశములు ఒప్పందము చేసికొనెను. మొదట ఇండియా, చైనాలు చేరలేదు. చెరచినవారు మీరు, మార్చుకొను వ్యయము మాదా యని యడిగెను. ఆ మాట మన్నించి 1990లో లండనులో ప్రత్యేకమైన నిధి నేర్పరచుట కొప్పుకొనిరి. 1992లో ఇండియా చేరినది. నేడు ప్రపంచమున ఆ ఒప్పందములో లేని దేశము లేదు. ఆ రసాయనముల తయారు దాదాపు నిలిచిపోయి, పొర కోలుకొనుచున్నది. వానికి బదులు వాడదగిన పదార్థములు దొరకుట యొక సౌకర్యమే. కాని వ్యయ మెవరిదను ప్రశ్నకు ముందుగా సమాధానము వ్రాసికొనుటయే అచ్చట మేలుచేసినది.

బొగ్గు విషయమున ఆ సమాధాన మంత సుళువు గాదు. అందుకు మన తెలంగాణమే సాక్షి. 1871లో ఎల్లందు ప్రాంతమున బొగ్గు కనబడెను. 1889లో త్రవ్వకము మొదలయ్యెను. సికింద్రాబాదునుండి సాగిన నిజాము రైలుమార్గమునకు ఆ బొగ్గే ప్రాణము. కొత్తగూడెము, రామగుండము, మందమర్రి గనులమీద నేటికిని వేలకొలది కుటుంబములు బ్రతుకుచున్నవి. 2021లో గ్లాస్గో సభ చివరిగడియలో, బొగ్గును “తొలగింపవలె” నను మాటను “తగ్గింపవలె” నని మన దేశము మార్పించినపుడు ధనికదేశములు మనలను నిందించెను. బొగ్గును మాత్రమే పేర్కొని, తాము వాడు నూనెను వాయువును విడిచిపెట్టుట యేమి న్యాయమని మనవా రడిగిరి. ఆ ప్రశ్న తప్పు గాదు. ఇంతవరకు గాలిలో చేరిన బొగ్గుపులుసు వాయువులో అమెరికా వంతు నూటికి సుమారు 25 పాళ్లు. ప్రపంచజనులలో ఆరవవంతుకు మించినవారున్న మన దేశపు వంతు మూడు నాలుగు పాళ్లు. ఏరు దాటి తెప్ప తగులబెట్టినవారు, ఇంకను ఒడ్డున నున్నవారికి ఈత నేర్చుకొండని చెప్పుట తగదు.

అయినను మనము సగము మాటతో ఆగరాదు. ఏటేట వదలు వాయువు లెక్కలో నేడు మన దేశము ప్రపంచమున మూడవది. 2070 నాటికి ఈ వాయువు నికరముగా చేరకుండ చేయుదుమని 2021లో మనమే మాట యిచ్చితిమి. సింగరేణి గనిలో దిగు కార్మికుని కొడుకునకు రేపటి జీవనోపాధి యేమని యెవరు ఆలోచించుచున్నారు? మాట యిచ్చునపుడు గదిలో అతడు లేడు. మూసీ వరదలకు విరుగుడుగా పెద్దలు కట్టిన జంటసాగరముల చుట్టు పది కిలోమీటర్ల మేర కట్టడములను నియంత్రించుచు 1996లో వెలువడిన ఉత్తర్వును సడలించుటకు 2022లో మన ప్రభుత్వమే పూనుకొనెను. 2020 అక్టోబరులో జంటనగరములు వరదలో మునిగి రెండేండ్లైనను గడువకమునుపే యిది జరిగెను. నీళ్లు మొదట చేరునది చెరువుగర్భములలో గుడిసెలు వేసికొన్న బీదలయొద్దకే. ధనికదేశములు మన యెడ న్యాయము పాటింపలేదని లోకముముందు చెప్పుచు, మన ఊరిలో ఆ న్యాయమునే మరచినచో మన వాదమునకు బలమెక్కడిది?

ఈ సంప్రతింపులను మానుకొనుమనుట మా మతము గాదు. రెండు శతాబ్దములక్రితము ఈ పట్టణమును పుట్టించిన సంధి బలవంతుడు వ్రాసినది. దాని షరతులు బలవంతుని చేతిలోనివి. నేటి సభలో టువాలువంటి చిన్నదేశమును లేచి, ఒప్పుకొననని చెప్పగలదు. ఏకాభిప్రాయపు నియమము పనిని ఆలస్యము చేయుచున్నమాట నిజమే గాని, బలహీనునికి నోరిచ్చినదియు నదే. ఆ నోటిని మూయక పనిని త్వరపరచుట యెట్లన్నదే నేటి రాజనీతికి నిజమైన పరీక్ష. మాంట్రియలు చూపిన త్రోవ ఒకటి కలదు: ముందు వ్యయము సంగతి తేల్చుకొనుట, లెక్కలు బహిరంగముగ నుంచుట, ఇచ్చినమాటను ఏటేట అందరియెదుట సరిచూచుట.

ఇందు మన గృహస్థులకును పని కలదు. శాసనసభకు నిలుచువారు మన యింటికి వచ్చినపుడు రోడ్డును, దీపములను అడుగుచున్నాము. వడగాడ్పులనాడు కూలివారికి నీడయు నీరును దొరకు ఏర్పాటేది, చెరువుల శిఖములెంత మిగిలినవి, గని మూతబడుచోట్ల కార్మికులకు ఏ పని చూపుదురు అని కూడ అడుగవలెను. ఆడువారు, ఉన్నత తరగతుల పిల్లలు ఈ లెక్కలు చదివి చర్చింపవలెను. బావి యెండినపుడు ముందుగా నడచునది వారి కాళ్లే గదా. తుంగభద్ర కొరకు ఎదురుచూచిన తొంబదియేండ్లలో మూడు తరములు గడచిపోయెను. ఈమారు ఎదురుచూచుటకు అంత గడువు లేదు. ఋతువులు మన సంతకముల కొరకు ఆగుట లేదు.